చించిల్లాల కొత్తకాపురం

చించిల్లా అనే జంతువుని మీలో చాలామంది చూసి ఉండరు. చూసినా ఏ కుందేలు పిల్లో అనుకుని ఊరుకుని ఉంటారు. ఉడుతకి ఉన్నట్టు కుచ్చుతోక, కుందేలులాటి ఒళ్ళు, పల్చగా గుండ్రంగా పెద్ద చెవులు, పిల్లి మీసాల కన్నా పొడుగాటి మీసాలు. బ్రహ్మదేవుడు తీరుబడిగా కూచున్న రోజున తలా ఒక జంతువు దగ్గరా కాస్త కాస్త అడిగి తెచ్చి చేసినట్టుంటుంది. ఒంటినిండా బూడిదరంగు బొచ్చు. మనకి ఒక్కో కుదుట్లో ఒకటో రెండో వెంట్రుకలు మొలుస్తాయి కదా, దానికి ఒక్కో కుదురు నించి 60 దాకా సన్నని నూగు వెంట్రుకలు వస్తాయి. చెయ్యి వేస్తే తగిలిందో లేదో తెలియనంత మెత్తన. ఎలుకల వంశమే గానీ ఆ మాట అనబుద్ధి కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. ఇప్పుడు అమెరికాలోనూ యూరపులోనూ ఎందరో ఇళ్ళల్లో ముద్దుగా పెంచుకుంటున్నారు.

ఒకదాన్ని పెంచుకున్నంత కాలం బాగానే ఉంటుంది. తంటా అంతా రెండోదాన్ని తెచ్చినప్పుడే. ఒంటరిగా ఉంది పాపం, తోడు కావాలని ఇంకోదాన్ని తెచ్చి అదే బోనులో వదిలి పడుకున్నారా, తెల్లారేసరికి ఒక్కటే మిగిలి ఉండచ్చు. అంత నెమ్మదైన జంతువు, చేతిలో పెట్టుకుంటే కళ్ళు మూసుకునే జంతువు, అంత పని చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. రెండు చించిల్లాలని ఒక చోట కాపురం పెట్టించే విద్య మనుషులకి పట్టుబడడానికి నూరేళ్ళకి పైగా పట్టింది. రాజుల యుద్ధాల గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు లెండి. ఈ చిన్న కాపురాల చరిత్ర మనం చెప్పుకుందాం.

ఇందులో మొదటి సాక్షి హువాన్ ఇగ్నాసియో మొలీనా అనే ఫాదిరీ. 1740లో చిలీ దేశంలో పుట్టాడు. జెసూయిట్ల మఠంలో చేరాడు. 1767లో స్పెయిన్ రాజుకి జెసూయిట్ల మీద కోపం వచ్చి తన రాజ్యాలన్నింటి నించీ వాళ్ళని వెళ్ళగొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ దెబ్బతో మొలీనా సముద్రాలు దాటి ఇటలీలోని బొలోన్యా చేరాడు. మళ్ళీ పుట్టినగడ్డ చూడలేదు. అక్కడే కూచుని 1782లో తన దేశపు చెట్టూ చేమా, పిట్టా పురుగూ అన్నింటి గురించీ ఒక పుస్తకం రాశాడు. చించిల్లా గురించి శాస్త్రీయంగా రాసిన మొదటి రాత అందులోనిదే.

చించిల్లా బొరియల్లో కాపురం ఉంటుందనీ, తన జాతి వాటితో కలిసి ఉండడం దానికి మహా ఇష్టమనీ ఆయన రాశాడు. చేతిలోకి తీసుకుంటే కరవదట, పారిపోదట, గుండెలకి హత్తుకుంటే సొంత గూట్లో ఉన్నట్టే కదలకుండా ఉండిపోతుందట. కంపు కొట్టదు, ఇంట్లో పెంచుకుంటే ఎంతో బాగుంటుంది అని సిఫారసు కూడా చేశాడు. ఒక కాన్పుకి అయిదారు పిల్లలని ఆయన రాసింది మాత్రం ఎక్కువే. సాధారణంగా రెండే పుడతాయి. దూరాన ఉండి పుట్టిల్లు తలుచుకునేవాళ్ళకి అక్కడి ప్రతిదీ నాలుగింతలుగా కనపడడం సహజమే కదా!

అయితే యూరపులో ఎవరికీ బతికున్న చించిల్లా ఎలా ఉంటుందో తెలీదు. తోళ్ళు మాత్రం వచ్చేవి. దొరసానులు వాటిని కోటుకి అంచుగానూ మెడపట్టీలుగానూ కుట్టించుకునేవారు. తల ఎలా ఉంటుందో, పళ్ళు ఎలా ఉంటాయో, అది ఉడుతో కుందేలో పండితులకే సరిగ్గా తేలలేదు. ఇంతలో లండనులో 1826లో జంతుశాస్త్ర సంఘం ఒకటి ఏర్పడింది. 1828లో రీజెంట్స్ పార్కులో వాళ్ళ తోట తెరిచారు. బ్రూటన్ వీధిలో సంఘానికి ఒక ఇల్లుండేది. అక్కడా కొన్ని జంతువులని ఉంచేవారు. ఆ ఇంటికి, కెప్టెన్ బీచీ నౌక పసిఫిక్ సముద్రయాత్ర ముగించుకుని తిరిగొచ్చినప్పుడు ఒక చించిల్లా వచ్చి చేరింది.

దాని సంగతులన్నీ ఎడ్వర్డ్ టర్నర్ బెన్నెట్ అనే ఆయన 1830లో వెలువడిన పుస్తకంలో రాశాడు. ఈయన రాత నాకు మొలీనా రాత కన్నా నచ్చింది. ఎందుకంటే చూసింది చూసినట్టు రాశాడు. చలికాలం వచ్చింది, పాపం చలికి వణికిపోతుందేమోనని దాని పడకలో ఒక ఫ్లానెల్ గుడ్డ పరిచారట. అది ఆ గుడ్డని ఈడ్చి బయట పడేసింది. మళ్ళీ పరిచారు. మళ్ళీ ఈడ్చి పడేసింది. ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లూ లాగి, కాళ్ళతో చుట్టి, పళ్ళతో విదిలించి ఆడుకుందట. మంచుకొండల్లో పుట్టి, కుదురుకి 60 వెంట్రుకలు మోస్తున్నదానికి ఫ్లానెల్ ఎందుకండీ! అతిథికి ఏం కావాలో అడక్కుండా మనకి తోచిన మర్యాద చేసేవాళ్ళు ఆ దేశంలోనూ ఉన్నారన్నమాట.

కొన్నాళ్ళకి లేడీ నైటన్ అనే పెద్దింటి ఆవిడ, తను 12 నెలలుగా పెంచుకున్న చించిల్లాని ఆ సంఘానికి బహూకరించింది. ఇది మొదటిదాని కన్నా పెద్దది. బొచ్చు కాస్త గరుకు. వీపు మీద నల్లటి చుక్కలు. ఆవిడ ఇంట్లో గదంతా తిరుగుతూ బల్ల ఎత్తున గెంతులు వేసేదట. మొలీనా చెప్పాడు కదా, వీటికి తోడంటే ప్రాణమని! తెచ్చినదాన్ని తెచ్చినట్టే పాతదాని బోనులో పెట్టేశారు.

పాతది దాన్ని సహించలేదు. ఆ క్షణంలోనే భయంకరమైన పెనుగులాట. పక్కనున్నవాళ్ళు విడదియ్యబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఒక ప్రాణం పోయి ఉండేదని బెన్నెట్ రాశాడు. ఆ తరవాత రెండింటికీ వేరు వేరు బోనులు ఇచ్చి పక్కపక్కనే ఉంచారు. తీగల సందుల్లోంచి పలకరించుకునే వీలున్నా, ఆయన రాసేనాటికి ఇటు నించి గానీ అటు నించి గానీ ఒక్క అడుగు ముందుకి పడలేదట. తోడంటే ఇష్టమని మొలీనా చెప్పినదాన్ని ఈ ఒక్క సంఘటన చూసి కొట్టెయ్యడం తగదని కూడా బెన్నెట్ వినయంగా ఒప్పుకున్నాడు.

మరి ఇద్దరిలో ఎవరిది నిజం? నన్నడిగితే ఇద్దరిదీ నిజమే. కొండమీద చించిల్లాలు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపులో వంద దాకా ఉండచ్చు. అయితే అవన్నీ ఒకదాని వాసన ఒకటి ఎరిగినవి. చీకట్లో తిరిగే ప్రాణులు కనక వాటికి మొహం కన్నా వాసనే పరిచయం. ఒకదానితో ఒకదానికి పడకపోతే పక్క బండసందులోకి దూరిపోతుంది. ఓడిపోయినదానికి పారిపోయే దారుంది, గెలిచినదానికి వెంటాడే అవసరం లేదు. బోనులో ఆ దారేదీ? నాలుగు గోడల మధ్య, తన వాసన నిండిన చోట, ఊరూ పేరూ తెలియనిది దిగబడింది. అది వెళ్ళిపోతే తప్ప పాతదానికి నిద్ర పట్టదు. వెళ్ళిపోదామంటే కొత్తదానికి తలుపు లేదు. పైగా లేడీ నైటన్ ఇచ్చింది పెరూ వైపు రకమేమోనని బెన్నెట్‌కే అనుమానం వచ్చింది. చించిల్లాల్లో పొడుగుతోకది, పొట్టితోకది అని రెండు జాతులున్నాయని ఇప్పుడు మనకి తెలుసు. ఆ అనుమానమే నిజమైతే, కొత్తకాపురం పెట్టించినవాళ్ళు కులగోత్రాలు కూడా కనుక్కోలేదన్నమాట!

ఈ చిక్కు తేలకముందే అసలు జంతువులే కరువయ్యే రోజులొచ్చాయి. 19వ శతాబ్దంలో బొచ్చుకోట్ల మోజు పెరిగింది. ఒక నిండు కోటుకి 100కి పైగా తోళ్ళు కావాలి. చిలీ కొండల్లో కుక్కల్ని పెట్టి వేటాడారు. ముళ్ళపొదలకి నిప్పు పెట్టి తరిమి పట్టుకున్నారు. 1899లో ఒక్క ఏడాదిలోనే చిలీ నించి నాలుగు లక్షలకి పైగా తోళ్ళు ఓడలెక్కాయి. 1828కీ 1916కీ మధ్య పోయిన ప్రాణాలు 2 కోట్లకి పైమాటేనని లెక్కలు కట్టినవాళ్ళంటారు. 1910లో చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా కూచుని వేట ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. ఒప్పందం చేసుకునే నాటికి వేటాడ్డానికి పెద్దగా మిగల్లేదు. తోళ్ళు దొరకడం తగ్గేకొద్దీ వాటి ధర పెరిగింది. ధర పెరిగేకొద్దీ మిగిలిన నాలుగింటి వెనకా మరింతమంది పడ్డారు.

అలాటి రోజుల్లో, 1918లో, చిలీలోని పొత్రెరీయోస్ రాగి గనుల్లో పని చేస్తున్న మథయస్ చాప్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు దగ్గరికి అక్కడి ఇండియన్ ఒకడు ఒక డబ్బాలో చించిల్లాని పెట్టి అమ్మకానికి తెచ్చాడు. చాప్‌మన్ కొన్నాడు. చూసి మురిశాడు. తోళ్ళకీ మురిశాడు, అందులో దాపరికం లేదు. వీటిని అమెరికా తీసుకెళ్ళి పెంచితే అని ఆలోచన పుట్టింది. 23 మందిని కూలికి పెట్టి కొండల్లోకి పంపాడు. మూడేళ్ళు గాలిస్తే తీసుకెళ్ళడానికి పనికొచ్చేవి డజను లోపే దొరికాయి. ఒకప్పుడు ఏడాదికి లక్షల్లో చచ్చిన చోట, మూడేళ్ళకి డజను!

ఆ తరవాత చాప్‌మన్ చేసిన పని నాకు చాలా ముచ్చట వేసింది. 11,000 అడుగుల ఎత్తున పుట్టినవాటిని ఒక్కసారిగా సముద్రపొడ్డుకి దింపలేదు. ఏడాది పాటు మెట్టు మెట్టుగా, కొంత దూరం దింపి అక్కడ కొన్నాళ్ళు ఆపి, అలవాటయ్యాక మళ్ళీ కొంత దింపాడు. ఓడలో వేడి తగలకుండా బోనుల చుట్టూ ఐసు పెట్టాడు. 1923 ఫిబ్రవరిలో 11 చించిల్లాలతో కాలిఫోర్నియా రేవులో దిగాడు. ఇవాళ అమెరికా ఇళ్ళల్లో కనపడే చించిల్లాల్లో దాదాపు అన్నింటికీ మూలపురుషులూ మూలస్త్రీలూ ఆ 11 మందేనని చెబుతారు.

ఎంత తక్కువో చూడండి. అందులో ఆడవి మరీ కొన్నే. ఆ కొద్దిపాటి వాటిలో ఒకటి ఇంకోదాన్ని కొరికి చంపితే వంశంలో ఒక కొమ్మ విరిగినట్టే. 111 రోజులు మోసి ఒకటో రెండో పిల్లల్ని కనే జాతి అది. ఎలుకల్లా నెలకో కాన్పు కాదు. అందుకని లండను పెద్దమనుషులకి వింతగా కనపడిన పోట్లాట, కాలిఫోర్నియా పెంపకందారులకి పరువూ ప్రాణమూ అయింది. 1934లో చాప్‌మన్ పోయాక ఆయన కొడుకు పెంపకం సాగించాడు. క్రమంగా చుట్టుపక్కలా మొదలుపెట్టారు. 1940లు, 50లు వచ్చేసరికి అమెరికాలో అదో పిచ్చి. ఇంట్లో కూచుని, కారు పెట్టుకునే షెడ్డులో పెంచి డబ్బు చేసుకోవచ్చని ప్రకటనలు. ఎందరో ఇల్లాళ్ళు దాచుకున్న డబ్బు పెట్టి జంటలు కొనుక్కున్నారు. జంటలో ఒకటి పోతే పెట్టుబడిలో సగం పోయినట్టే కదా.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. చించిల్లాల్లో ఆడదానిదే పెత్తనం. మగదాని కన్నా ఒడ్డూ పొడుగూ ఆడదే. కొత్త మగడు నచ్చకపోతే వెనక కాళ్ళ మీద నిలబడి సూటిగా మూత్రం చిమ్ముతుంది. పళ్ళు టకటకలాడిస్తుంది. అప్పటికీ అర్థం కాకపోతే మీద పడుతుంది. పెంపకందారులు పరీక్షగా చూసి చూసి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఆడదాని పెద్ద బోనులో ఒక చిన్న తీగబోను పెట్టి, అందులో మగదాన్ని ఉంచడం. వాసన చూసుకోవచ్చు, పలకరించుకోవచ్చు, కోపం వస్తే తిట్టుకోవచ్చు కూడా. కరుచుకోవడం కుదరదు. కొన్ని రోజులకి ఆ చిన్నబోను పక్కన పడుకుని నిద్రపోవడం మొదలుపెడితే, అప్పుడు తలుపు తీసేవారు.

ఇంతలోనే ఆశ పెరిగింది. ఒక మగడికి ఒక పెళ్ళామేనా అన్నారు. ఆడవాటిని వరసగా వేరు వేరు గదుల్లో పెట్టి, వెనక ఒక సొరంగం లాటి దారి వేసి, మగదాన్ని అందులో తిరగనిచ్చారు. ఆడవాటి మెడకి మాత్రం తేలికపాటి పట్టెడ తగిలించారు. ఆ పట్టెడ దారి కన్నా వెడల్పు. మగవాడు ఏ గదికైనా పోవచ్చు, ఆడది గడప దాటలేదు. చదువుతూ ఇక్కడ నేను పుస్తకం కాసేపు మూసేశాను. ఏ అంతఃపురానికీ ఇంత చవగ్గా కాపలా పెట్టి ఉండరు. ఆడదానికి ఆడది ఎదురుపడితే పోట్లాట వస్తుంది కనక అలా చేశామని వాళ్ళ సమర్థన. అందులో నిజం లేకపోలేదు. కానీ సహవాసం నేర్పడం కష్టమై, సహవాసమే లేకుండా చెయ్యడం అది. 1954లో న్యూయార్కులో తోళ్ళు వేలం వేస్తే ఆశించిన ధరలు పలకలేదు. ఇళ్ళల్లో పెంచినవాళ్ళు చాలామంది నష్టపోయారు. బొచ్చు కోసం పెంచే పెద్దశాలలు ఉండనే ఉన్నాయి గానీ, ఈలోగా ఈ జంతువుని దాని మొహం చూసి ప్రేమించేవాళ్ళు తయారయ్యారు. అక్కడి నించి చరిత్ర పిల్లల గదుల్లోకి వచ్చింది.

మా చిన్నమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. ఒక చలికాలం నేను అక్కడ ఉన్నప్పుడు మనవరాలికి బూందీ అని ఒక చించిల్లా ఉండేది. ఆడది, మూడేళ్ళది. దానికి తోడుగా ఇంకో ఆడపిల్లని తెచ్చారు. మినుము అని పేరు పెట్టింది నేనే. తెచ్చిన రోజున, "ఇంత పెద్ద బోనుంది కదే, అందులో వదలరాదూ" అన్నాను.

"అమ్మమ్మా, రెండు వారాలు మొహాలు చూసుకోకూడదు. వాసన మాత్రమే" అంది.

"ఇదెక్కడి పెళ్ళే!" అన్నాను.

ఆ పిల్ల చేసిన పనులు ఒక్కొక్కటే చూశాను. రెండు బోనులూ పక్కపక్కన పెట్టింది, మధ్య జానెడు ఖాళీ వదిలి. మరీ ఆనిస్తే తీగల్లోంచి కాలివేళ్ళు కొరికేస్తాయట. రెండు మూడు రోజులకోసారి వీటిని వాటి బోనులోకి, వాటిని వీటి బోనులోకి మార్చింది. దీని వాసనలో అది, దాని వాసనలో ఇది పడుకోవాలన్నమాట. తరవాత దుమ్ముగిన్నె. చించిల్లాలు నీళ్ళ స్నానం చెయ్యవు. అంత దట్టమైన బొచ్చు తడిస్తే ఆరక జబ్బు చేస్తుంది. మెత్తని అగ్నిపర్వతపు బూడిదలో పొర్లడమే వాటి తలంటు. బూందీ పొర్లిన బూడిదలోనే మినుముని పొర్లనిచ్చింది. రెండింటికీ ఒకటే వాసన పట్టింది. రెండు వారాలు గడిచాక, రెండూ ఎరగని చోట, స్నానాలగదిలో నేల మీద, కలిపి వదిలింది. అది ఎవరి సొంతమూ కాదు కనక కాపాడుకోవలసిందేమీ లేదు. చేతిలో దళసరి తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర కూచుంది. పోట్లాట వస్తే మధ్యలో వెయ్యడానికట.

బూందీ వెంటపడి మినుము వీపెక్కింది. నేను కంగారుపడ్డాను. "అది పెద్దరికం చూపించడం అమ్మమ్మా, పరవాలేదు. బొచ్చు ఎగిరినా, రక్తం కనపడినా, అదే పనిగా మూలకి తరిమినా అప్పుడు విడదియ్యాలి" అంది. పదేళ్ళ పిల్ల! మూడో రోజున మినుము తలవంచి బూందీ ముందు కూచుంది. బూందీ దాని కణతల మీద బొచ్చు పళ్ళతో దువ్వడం మొదలుపెట్టింది. ఆ రోజునే పెద్దబోను కడిగి, అరుగులన్నీ కొత్త చోట్లకి మార్చి, ఇద్దరికీ కొత్తిల్లు చేసి రెండింటినీ లోపల పెట్టింది. పారిపోయే దారి ఉండాలని దాక్కునే గూళ్ళు రెండు పెట్టింది, ఒక్కోదానికి రెండేసి గుమ్మాలతో. ఒక గుమ్మమే ఉంటే లోపల దూరినదాన్ని బయటిది కదలనివ్వదట. ఆండీస్ బండసందులని ఆ పిల్ల కర్రపెట్టెలతో మళ్ళీ కట్టిందన్నమాట.

ఆడా మగా అయితే ఇంకో జాగ్రత్త ఉంది. పిల్లలు పుట్టిన వెంటనే తల్లి మళ్ళీ చూలు కట్టగలదు. కనక మగదాన్ని ముందే వేరు చెయ్యాలి. అసలు పిల్లలు వద్దనుకునేవాళ్ళు మొదటి నించీ ఆడతో ఆడ, మగతో మగ అనే జంట కడతారు. తల్లీకూతుళ్ళో అక్కచెల్లెళ్ళో అయితే అన్నిట్లోకీ సులువు.

ఇది చదివి ఏ పిల్లాడైనా నాకో చించిల్లా కావాలని పేచీ పెడితే ఒక మాట చెప్పండి. వేడి 25 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది, ఇంకా పెరిగితే ప్రాణం మీదికొస్తుంది. మన బెజవాడ ఎండల్లో దాన్ని తెచ్చి పెట్టడం హత్యే. చాప్‌మన్ ఐసు పెట్టింది సరదాకి కాదు.

కొండమీద మిగిలినవాటి సంగతి చెప్పాలి. 1983లో చిలీలో ఇయాపెల్ దగ్గర, ఆవుకో అనే చోట 4,000 హెక్టార్లకి పైగా నేలని వీటి కోసమే కేటాయించారు. ముళ్ళమొక్కలూ బండరాళ్ళూ తప్ప ఏమీ లేని పొడినేల. రెండు జాతులూ అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలోనే ఉన్నాయి. ప్రపంచంలో ఇళ్ళల్లోనూ శాలల్లోనూ ఉన్న చించిల్లాలు లక్షలు, సొంత కొండల్లో ఉన్నవి కొద్ది వేలు.

ఎంత చేసినా కలవని జంటలూ ఉంటాయి. నెల రోజులు వాసనలు మార్చినా, ఒకే బూడిదలో పొర్లించినా, తలుపు తీయగానే పళ్ళు టకటకలాడిస్తాయి. అలాటప్పుడు బలవంతం చెయ్యకూడదని పెంపకం తెలిసినవాళ్ళందరూ చెబుతారు. రెండు బోనులు, మధ్య జానెడు ఖాళీ, ఒకే గది. ఒకదాని అలికిడి ఒకదానికి వినపడితే చాలట. వాటి చెవులు కూడా ఇంచుమించు మనం వినే చప్పుళ్ళే వింటాయి మరి. రాత్రి పదింటికి ఒకటి లేచి ఎండుగడ్డి నమలడం మొదలుపెడితే, పక్క బోనులోదీ లేచి నమలడం మొదలుపెడుతుంది. బ్రూటన్ వీధిలో ఓడిపోయి చేసిన ఏర్పాటు అదే. ఇప్పుడు కొత్తకాపురానికి మొదటి మెట్టూ అదే, కొన్ని జంటలకి చివరిదాకా అదే.